కణత్వరణ యంత్రములలో కంపన నివారణ: ఒక విమర్శ

కణత్వరణ యంత్రములను గూర్చి తెలుగులో వచ్చు వ్యాసములలో మొట్టమొదట కనిపించునది ఒక పెద్ద సంఖ్య. యంత్రము కణముల కిన్ని కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తి నిచ్చును, దాని సొరంగపు చుట్టుకొలత 27 కిలోమీటర్లు, దానికైన ఖర్చు ఇన్ని వేల కోట్లు అని చెప్పి వ్యాసము ముగియును. ఈ సంఖ్యలలో అబద్ధము లేదు. కాని గాయకుని ప్రతిభను అతని గొంతు ఎన్ని వీధులవరకు వినిపించునో దానినిబట్టి నిర్ణయించుట ఎట్టిదో, ఇదియు నట్టిదే. శ్రుతి నిలిచినదా లేదా అని అడుగువారు లేరు. యంత్రమును నిర్మించువారిని ఏండ్ల తరబడి వేధించునది ఆ శ్రుతియే. లోపలనున్న లోహపు పాత్ర తలవెంట్రుక మందములో ఏడువందలవ వంతు సాగినను, కుంచించుకొనినను శ్రుతి తప్పును. శ్రుతి తప్పినచో అంత పెద్ద యంత్రమును కణమును త్రోయజాలదు.

ఈ దోషమునకు మైక్రోఫోనిక్స్ అని పేరు. పాతకాలపు వాల్వు రేడియోల నెరిగినవారికి దీని పుట్టుక సులభముగా బోధపడును. పెట్టెను వ్రేలితో తట్టినచో వాల్వులోని సన్నని తీగెలు కంపించి, ఆ కంపనము లౌడ్ స్పీకరులో ఖంగుమని వినిపించెడిది. వాల్వు మైకువలె ప్రవర్తించినది కనుక ఆ పేరు. వాల్వు రేడియోలు పోయినవి. పేరు మాత్రము కణత్వరణ యంత్రములకు సంక్రమించినది. బయటి యాంత్రిక కంపనము లోపలి విద్యుత్ డోలనమును చెడగొట్టుట అని దాని కర్థము.

దీనికి చేయు చికిత్సలను తూచి చూచుటకు కావలసిన త్రాసు మన ఇండ్లలోనే యున్నది. హైదరాబాదునకు వాయవ్యమున నిజాంపేట కలదు. ఒకప్పుడు పల్లెయైన ఈ చోట నేడు హైటెక్ సిటీ ఉద్యోగుల నివాస భవనములు వరుసలు తీరినవి. అట్టి భవనములలో తెల్లవారుజామున క్రింద నీటి మోటారు వేసినపుడు, పై అంతస్తులో వంటగట్టుమీది స్టీలు గిన్నె జుయ్యిమని పలుకుట కలదు. మోటారు వేగము ఆ గిన్నె సహజ పౌనఃపున్యమునకు సరిపోయినదన్నమాట. దీనికి చేయదగినవి మూడు. మోటారు బేరింగు అరిగినదేమో చూచి బాగుచేయించవచ్చును. మోటారు క్రింద రబ్బరు దిమ్మ వేసి, కంపనము గోడలోనికి ప్రాకకుండ ఆపవచ్చును. లేదా గిన్నెలో గుప్పెడు బియ్యము పోసి దాని నోరు మూయవచ్చును. కంపనము పుట్టుచోట, ప్రయాణించు దారిలో, చేరినచోట: ఈ మూడింటిని ఈ వరుసలోనే ప్రయత్నించుట ఇంటివారి వివేకము. నాలుగవది యొకటి కలదు. గిన్నె చప్పుడు వినిపించకుండ రేడియో గట్టిగా పెట్టుట. కణత్వరణ యంత్రముల నిర్మాణములో ఈ నాలుగవదానికి దక్కిన గౌరవము న్యాయమైనదేనా అనునదియే ఇచ్చటి ప్రశ్న.

ముందు ఆ పాత్ర సంగతి. నేటి పెద్ద యంత్రములలో కణములకు వేగమిచ్చునది నియోబియము రేకుతో చేసిన బోలుపాత్ర. దానిని అనునాద కుహరమందురు. అందులో రేడియో తరంగములు ఊగుచుండును. సరియైన క్షణమున ప్రవేశించిన కణము, సమయమెరిగి త్రోసిన ఉయ్యాలవలె, ముందుకు త్రోయబడును. నియోబియము 9.2 కెల్విన్ డిగ్రీలకు దిగువన అతివాహకమగును. 2 కెల్విన్, అనగా సుమారు మైనస్ 271 సెంటీగ్రేడు డిగ్రీల చలి గల ద్రవ హీలియములో ముంచినపుడు కుహరపు గోడలలో నష్టమగు శక్తి అత్యల్పము. మంచి కంచుగంటను ఒకసారి కొట్టినచో చాలసేపు మ్రోగును. కుహరములోని విద్యుత్ డోలనము అంతకన్న ఎన్నో రెట్లు ఓపిక గలది. కోట్లాది ఊపులు ఊగిన పిదపగాని చల్లారదు. ఇది గొప్ప గుణము. దోషము కూడ ఇక్కడనే పుట్టినది. ఎక్కువసేపు మ్రోగు గంట తన స్వరమును తప్ప మరియొక స్వరమును సహించదు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డు వద్ద నిర్మించిన ఎల్.సి.ఎల్.ఎస్.-2 యంత్రపు కుహరమును చూడుడు. అది సెకనుకు 130 కోట్ల సార్లు డోలనము చేయును. దానికి పంపు తరంగము 130 కోట్లలో సుమారు 16 హెర్ట్జులు ఇటు, 16 హెర్ట్జులు అటు తేడాలో ఉన్నంతవరకే కుహరము చక్కగా స్పందించును. ఈ 32 హెర్ట్జుల వెడల్పు గల సన్నని పట్టీయే దాని శ్రుతి. కుహరము పొడవు సుమారు ఒక మీటరు. పొడవులో ఒక మైక్రాను తేడా వచ్చినచో స్వరము 300 హెర్ట్జుల వరకు జరుగును. కాబట్టి మైక్రానులో పదవ వంతు కదలికతోనే కుహరము తన పట్టీనుండి జారిపోవును. గోడలను దళసరిగా చేసినచో కదలవు గదా యని తోచవచ్చును. కాని గోడలోపల పుట్టు కొద్దిపాటి వేడిమి వెలుపలి హీలియమునకు వెంటనే చేరవలెను. దళసరి గోడ దానికి అడ్డము. నియోబియము వెలయు తక్కువ కాదు. అందుచేత రేకు మూడు మిల్లీమీటర్ల లోపే యుండును. హీలియము పీడనములోని ఒడుదుడుకులు, పంపుల చప్పుడు, బయట రోడ్డుమీది లారీలు, అన్నియు ఆ పలుచని రేకును కదలించగలవు. కుహరములో బంధింపబడిన రేడియో తరంగము కూడ తన ఒత్తిడిచే గోడలను త్రోయును.

హైదరాబాదునకు ఈ విషయముతో సంబంధము దూరపుది కాదు. నిజాంపేటనుండి నగరము నడ్డముగా దాటి ఈశాన్యపు కొనకు పోయినచో 1971లో స్థాపితమైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఉన్నవి. మొదటిది అణు విద్యుత్ కేంద్రముల ఇంధనముతోపాటు నియోబియము వంటి అరుదైన లోహములను తయారుచేయును. కుహరములకు తగిన నియోబియము మిక్కిలి పరిశుద్ధమై యుండవలెను. గదిలోని వేడిమివద్ద దాని విద్యున్నిరోధము, అతివాహకము కాబోవుటకు ముందున్న చలివద్ద నిరోధమునకు 300 రెట్లకు మించియుండవలెనని కొలమానము. అందుకై లోహమును శూన్యములో ఎలక్ట్రాను కిరణముతో మరల మరల కరిగింతురు. ఈ శుద్ధి విద్యలో ఆ సంస్థ కృషి చేసినది. రెండవ సంస్థ కుహరములకు తరంగశక్తి నందించు ఆంప్లిఫయర్లను తయారుచేసినది. భాభా అణు పరిశోధన కేంద్రము రూపొందించిన 325 మెగాహెర్ట్జుల, 7 కిలోవాట్ల ఆంప్లిఫయర్లు ఇ.సి.ఐ.ఎల్.లో తయారై, అమెరికాలో చికాగో సమీపమునగల ఫెర్మీ ప్రయోగశాలకు చేరినవి. అచ్చట నిర్మింపబడుచున్న పిప్-2 యంత్రములో భారతదేశము భాగస్వామి. కదలు లోహమును, ఆ కదలికకు వెలకట్టు ఆంప్లిఫయరును, రెండింటిని ఒకే నగరము చేయుచున్నదన్నమాట.

వెలకట్టుట యేమనగా, శ్రుతి తప్పిన కుహరములో క్షేత్రమును నిలుపుటకు ఎక్కువ శక్తి పంపవలెను. ఎంత ఎక్కువ? కిరణపు భారమును ప్రక్కనబెట్టి చూచినచో లెక్క చాల తేలిక. స్వరము సగము పట్టీమేర జరిగినచో శక్తి రెండింతలు కావలెను. పట్టీ అంతమేర జరిగినచో అయిదింతలు. పట్టీకి రెండింతలు జరిగినచో పదిహేడింతలు. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు పెరుగు ఈ అప్పును తీర్చుటకు నిర్మాతలు ముందుగానే పెద్ద ఆంప్లిఫయరును కొని పెట్టుకొందురు. పిప్-2లోని కిరణము 2 మిల్లీ ఆంపియర్లు. 325 మెగాహెర్ట్జుల కుహరములలో మొదటి రకము దానికి సుమారు 20 లక్షల వోల్టుల త్రోపు నిచ్చును. రెండింటిని గుణించినచో 4 కిలోవాట్లు. ఆంప్లిఫయరు మాత్రము 7 కిలోవాట్లది. మిగిలిన 3 కిలోవాట్లను పూర్తిగా కంపనముల పద్దులో వ్రాయుట అన్యాయము. తీగెలలోని నష్టము, నియంత్రణకు కావలసిన వెసులుబాటు కూడ అందులో ఉన్నవి. అయినను ఆ యంత్రపు కుహరములు 20 హెర్ట్జులకంటె ఎక్కువ శ్రుతి తప్పరాదని నియమము పెట్టవలసివచ్చినదనగా, ఆ పద్దు చిన్నది కాదని తెలియును.

ఇదియే రేడియో గట్టిగా పెట్టు వైద్యము. దీనిని పూర్తిగా నిందించుటకు వీలులేదు. కొంత మిగులుశక్తి లేని యంత్రము అతిసున్నితమై, చిన్న తొట్రుపాటుకే ఆగిపోవును. కాని దానిని మొదటి మందుగా వాడుటవలన ఒక కీడున్నది: రోగము కనబడకుండ పోవును. ఎచ్చట ఏ పంపు కదలించుచున్నదో వెదకుటకు ఎవరికిని తొందర యుండదు. ప్రతి సంవత్సరము కరెంటు బిల్లులో దానిని చెల్లించుచుందురు.

ఈ వైద్యము చాలని ఘట్టము ఎల్.సి.ఎల్.ఎస్.-2లో వచ్చినది. ఎనిమిదేసి కుహరములను ఒక పొడవైన శీతపేటికలో అమర్చి, 2016లో ఫెర్మీ ప్రయోగశాలయందు పరీక్షలు మొదలుపెట్టిరి. శ్రుతి 10 హెర్ట్జులకు మించి తప్పరాదని నియమము. తప్పినది దానికి పదిరెట్లకు పైగా. పైని చెప్పిన లెక్క ప్రకారము 100 హెర్ట్జుల తప్పునకే నలుబదింతల శక్తి కావలెను. ఒక్కొక్క కుహరమునకు కేటాయించిన ఆంప్లిఫయరు 3.8 కిలోవాట్లది మాత్రమే. అప్పుడిక వెదకక తప్పలేదు. వెదకగా దొంగ హీలియము కవాటములో దొరికినది. కవాటపు కాడకు ఒక కొన గది వేడిమిలోను, రెండవ కొన ద్రవ హీలియపు చలిలోను ఉండును. కాడ చుట్టునున్న సన్నని సందులో హీలియము వాయువు చలికొనవద్ద కుంచించుకొని, వేడికొనవద్ద వ్యాకోచించి, ఊదువారు లేకయే పిల్లనగ్రోవివలె మ్రోగనారంభించును. ఆ మ్రోత పేటికనంతటిని కుదిపినది. వాయువు కవాటములోనికి వచ్చు దారిని త్రిప్పి అమర్చిరి. కాడకు పట్టీలు తొడిగి సందులోని వాయుస్తంభమును విరిచిరి. ఒక్క వాటు అదనపు శక్తి లేకుండ కుహరములు నియమమునకు దగ్గరగా వచ్చినవి. 2023 సెప్టెంబరులో ఆ యంత్రము తన మొదటి ఎక్స్-కిరణముల నిచ్చినది.

ఈ కథను అందరు విజయముగానే చెప్పుకొందురు. విజయమే. కాని ఇందులో అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ఒక కొన చలిలో, ఒక కొన వేడిలో ఉన్న గొట్టములో హీలియము తనంతట తానే మ్రోగునన్న సంగతి క్రొత్తది కాదు. హాలెండులోని లైడెన్ నగరమున టాకోనిస్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు 1949లోనే దీనిని ప్రకటించిరి. చలిశాస్త్రము చదివినవారందరు ఆ పేరెరుగుదురు. అయినను డెబ్బది యేండ్లు కావచ్చుచున్న ఆ జ్ఞానము కవాటము గీయునప్పుడు బల్లమీదికి రాలేదు. పేటిక తయారై, చల్లబడి, మ్రోగిన తరువాతనే వచ్చినది. కవాటము గీయువాడు వేరు, కుహరము శ్రుతి చేయువాడు వేరు. వీరిద్దరికి మధ్య కంపనమును తన సొంత విషయముగా చూచు మూడవవాడు లేకపోవుటయే ఇక్కడి లోపము.

చేరినచోట కంపనమును ఆపు మందునకు మంచి ఉదాహరణ మన దేశములోనే కలదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటరు, 97 మెగాహెర్ట్జుల నియోబియము కుహరములతో తన పెలెట్రాన్ యంత్రపు అయానులకు మరింత వేగమిచ్చును. వీటి ఆకారము పైని చెప్పిన కుహరములవంటిది కాదు. పాత్రలోపల, పైకప్పునుండి ఒక బోలు కడ్డీ గంటనాలుకవలె వ్రేలాడుచుండును. దానిలో ద్రవ హీలియము నిండియుండును. గంటనాలుక ఊగక మానునా? అది ఊగినప్పుడెల్ల శ్రుతి తప్పును. దానిని సరిదిద్దుటకు శక్తి ఎక్కువగా పంపినచో, ఆ శక్తిని మోయు తీగెలు చలిపేటికలోనే వేడెక్కి క్రొత్త చిక్కులు తెచ్చెడివి. ఇటలీలోని లెన్యారో ప్రయోగశాలలో ఆల్బెర్టో ఫాకో 1990వ దశకమున ఇట్టి కడ్డీలోనికి రాపిడివలన కంపనమును మ్రింగు ఒక సాధనమును దించెను. ఢిల్లీవారు ఇంకను సులభమైన ఉపాయము పన్నిరి. కడ్డీ బోలులో చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు గోళీలు వేసిరి. కడ్డీ ఊగినపుడు గోళీలు ఒకదానినొకటి, గోడను రాచుకొని ఆ ఊపులోని శక్తిని వేడిగా మార్చివేయును. గిన్నెలో బియ్యము పోయుటకు దీనికి తేడా లేదు. శ్రుతిని నిలుపుటకు కావలసిన శక్తి బాగుగా తగ్గినది. ఈ ఫలితమును 2007లో ప్రకటించిరి.

ఈ ఉపాయములోని సొగసు ఏమనగా, అది ఒక కంపనమును చంపి మరియొకదానిని ముట్టుకొనదు. లోపలి విద్యుత్ డోలనము ఎంతసేపు మ్రోగిన అంత మంచిది. లోహపు కంపనము ఎంత త్వరగా చచ్చిన అంత మంచిది. గోళీలు కడ్డీ లోపలి బోలులో, విద్యుత్ క్షేత్రమునకు అవతల ఉన్నవి కనుక కంచును కంచుగానే ఉంచి, ఊపును మాత్రము మ్రింగినవి. దానికి తీగెలు లేవు, కంప్యూటరు లేదు, చెడిపోవు భాగము లేదు. లోపములును లేకపోలేదు. గోళీల సైజు, సంఖ్య ప్రయోగము చేసి తేల్చుకొనవలసినవే. మరియు వ్రేలాడు బోలుకడ్డీ లేని కుహరములకు, అనగా స్టాన్‌ఫర్డు కుహరములవంటి వానికి, ఈ మందు పనికిరాదు. ఇంత ఉండియు, ఖర్చునకు ఫలమునకు గల నిష్పత్తినిబట్టి చూచినచో ఇంతకు మించిన చికిత్స ఈ రంగమున అరుదు. తెలుగు పాఠకుని చెవికి ఇది ఇంతవరకు సోకకపోవుట చిత్రము.

హైటెక్ సిటీ పరిసరములలో చదువుకొను విద్యార్థికి సహజముగా తోచు ఉపాయము వేరుగా నుండును. కుహరమునకు పీజో స్ఫటికమును తగిలించి, కంప్యూటరుచే శ్రుతిని అనుక్షణము కొలిచి, ఎటు జరిగిన దానికి ఎదురుగా నొక్కిన సరిపోదా? ఈ పద్ధతి వాడుకలో ఉన్నది, మంచి ఫలితముల నిచ్చుచున్నది. శక్తిని విడతలు విడతలుగా పంపు యంత్రములలో రేడియో తరంగపు ఒత్తిడి ప్రతి విడతకు ఒకే తీరున కుహరమును నొక్కును. ముందే తెలిసిన దెబ్బ కనుక ముందే ఎదురు నొక్కవచ్చును. అక్కడ పీజో చేసిన మేలు కాదనరానిది. ఎప్పుడు వచ్చునో తెలియని కంపనముల విషయము వేరు. కొలిచి, లెక్కవేసి, నొక్కులోపల కొంత కాలము గడచును. ఈలోపల కుహరము ఇటునుండి అటు తిరిగినచో, ఎదురు నొక్కవలసిన పీజో అదే దిక్కునకు నొక్కి ఊపును పెంచును. ఉయ్యాలను తప్పు సమయమున పట్టుకొనబోయిన పిల్లవాని గతి దానికి పట్టును. కుహరపు లోహమునకు ఏయే స్వరములున్నవో ముందుగా కొలిచి తెలిసికొనని ప్రోగ్రాము ఎంత తెలివిగా వ్రాసినను గ్రుడ్డిదే. అందుచేత పీజోకు చివరి స్థానమే తగును: పంపులను సరిచేసి, దారులను మూసి, లోహమును శాంతింపజేసిన తరువాత మిగిలిన శేషమును తుడుచుటకు.

నేల సంగతి వేరొక కథ. కంపనమును పుట్టుచోటనే ఆపవలెనన్న నియమము ఇచ్చట చెల్లదు, ఏలయన సముద్రమును ఆపుట ఎవరి తరము? సముద్రపు అలలవలన భూమి అంతయు ఐదారు, ఏడు సెకనుల కొకసారి మెల్లగా ఊపిరి తీసినట్లు కదలుచుండును. బంగాళాఖాతము, అరేబియా సముద్రములలో తుఫానులు లేచినపుడు ఈ కదలిక పెరుగుటను బొంబాయి కొలాబాలోని భూకంపమాపకములలో గమనించి, సుధాంశు కుమార్ బెనర్జీ 1930లో ప్రకటించెను. అదృష్టవశమున ఈ నెమ్మది కదలిక కుహరమునంతటిని ఒక్కతీరున మోసికొనిపోవునే గాని దాని ఆకారమును మార్చదు. అయస్కాంతములకు మాత్రము ఇది, దీనికంటె వేగవంతమైన నగరపు సందడి, రెండును ముప్పే. సెర్న్ సంస్థవారు ఊహించిన క్లిక్ అను యంత్రములో కిరణపు ఎత్తు ఒక నానోమీటరు. అంత సన్నని రెండు కిరణములు ఎదురెదురుగా వచ్చి తగులవలెనన్నచో, దారిపొడవున వేలకొలది అయస్కాంతములను సెకనుకు ఒకటికంటె వేగమైన కంపనములలో ఒకటిన్నర నానోమీటర్లకు మించి కదలకుండ నిలుపవలెను. ఆ యంత్రము ఇంకను కాగితముమీదనే ఉన్నది.

ఇక్కడ పత్రికలలో ప్రచారమైన ఒక పొరపాటును సవరించుట మంచిది. జెనీవాలోని లెప్ యంత్రమును 1995లో రైళ్లు కలవరపెట్టినవనుట నిజమే. కాని అవి నేలను అదరగొట్టి కాదు. రైలుపట్టాలనుండి భూమిలోనికి కారిన విద్యుత్తు కిరణపు గొట్టముగుండ ప్రవహించి అయస్కాంత క్షేత్రమును మార్చినది. కంపనమునకు ఉదాహరణగా దీనిని చూపుట తప్పు.

చివరకు ఈ లోపములన్నిటి వేరు తరగతి గదిలోనే కనిపించును. పాఠ్యపుస్తకములలో అనునాదమునకు ఇప్పటికిని వంతెనమీద కవాతు చేయు సైనికులే ఉదాహరణ. అవరుద్ధ డోలనములను సమీకరణముగా నేర్పుదురు. అవరోధమును ఎవరు ఎందుకు కోరుదురో చెప్పరు. మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థి కంపన శాస్త్రమును చదువును గాని కుహరము పేరు వినడు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి కుహరమును చదువును గాని అది రేకుతో చేసిన పాత్రయని తలపడు. ఈ ఇద్దరు నిజాంపేటలో ఒకే గదిలో అద్దెకున్నను, ఈ విషయమున ఒకరితో ఒకరికి మాట యుండదు. నియోబియము చేయు నగరములో, ఆంప్లిఫయరు చేయు నగరములో ఈ మౌనము ఖరీదైనది. కవాటమును గీసినవానికి, కుహరమును శ్రుతి చేసినవానికి మధ్య లేకపోయిన ఆ మూడవవాడు తయారుకావలసినది ఇట్టి గదులలోనే.

దీనిని మార్చుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. సోనామీటరుమీద కాగితపు ముక్క ఎగిరిపడుట చూచిన విద్యార్థికి, ఒక మీటరు కుహరము ఎంత కదలికను సహించునో లెక్కవేయుమని ప్రశ్న నియ్యవచ్చును. తరువాత అతడుండు భవనపు మోటారువద్దకు పోయి, గచ్చుమీద చేతిఫోనును పెట్టి చూడుమనవచ్చును. నేటి ఫోనులలో త్వరణమును కొలుచు సాధనము కలదు. మోటారు ఫలకముమీద నిమిషమునకు 2,880 చుట్లని వ్రాసియున్నచో, ఫోను గీసిన పటములో 48 హెర్ట్జులవద్ద శిఖరము లేచును. రబ్బరు దిమ్మ వేసిన తరువాత మరల కొలిచి, ఆ శిఖరము ఎంత తగ్గినదో చూడవచ్చును. కుహరముల శ్రుతిపటములలో పంపుల శిఖరములు లేచునదియు ఈ తీరుననే.